రేవు మాట

నరసాపురం,
12 జూలై 1998

వదినా,

నీ ఉత్తరం అందింది. సీటు వచ్చినందుకు సంతోషం. అమ్మ పులిహోర చేసి వీధంతా పంచింది. "మా అన్నయ్య కూతురు మధులత బెంగళూరులో కంప్యూటర్ల మీద రీసెర్చి చేస్తుందండి" అని ప్రతి గుమ్మం దగ్గరా చెప్పింది. గిన్నె పట్టుకుని వెనకాల నేను నడిచాను.

నాన్నగారు ఒక్క మాటే అడిగారు. "రాతపరీక్షలో నీకే నాలుగు మార్కులు ఎక్కువ కదమ్మా?" అవునన్నాను. "మరి?" అన్నారు. ఇంటర్వ్యూలో నోరు పెగల్లేదన్నాను. ఆయన పేపరు మడిచి, మళ్ళీ విప్పి, చదివిన పేజీయే చదివారు.

ఉన్నది ఒక్క సీటు. ఇంగ్లీషు అక్షరక్రమంలో నన్ను ముందు పిలిచారు. ప్రొఫెసర్ విశ్వనాథ్ గారు అడిగిన ప్రశ్నకు జవాబు నాకు వచ్చు. అడిగితేనే మాట్లాడాలని కాన్వెంటులో పన్నెండేళ్ళు నేర్పారు. అడిగారు. అయినా మాట్లాడలేకపోయాను. బయటికొచ్చి వరండాలో నీకు ప్రశ్నా జవాబూ రెండూ చెప్పాను. నిన్నూ అదే అడిగారని తరవాత నువ్వే చెప్పావు. నా జవాబు పనికొచ్చినందుకు సంతోషం.

సంతోషం అన్న మాట ఈ ఉత్తరంలో రెండుసార్లు వచ్చింది. సిస్టర్ అయితే రెండో దాని కింద ఎర్రగీత గీసేది.

నాకూ ఉద్యోగం దొరికింది. భీమరాజు గారి లేసు ఎగుమతి ఆఫీసులో కంప్యూటరు ముందు కూచుంటున్నాను. ఉన్నది ఒకటే కంప్యూటరు. పొద్దున్నే దానికి అగరొత్తి వెలిగిస్తారు. ఏ ఊరికి ఎంత దారం వెళ్ళింది, ఎన్ని లేసు పువ్వులు అల్లి తిరిగొచ్చాయి అన్నది ఎక్కించడం నా పని. మనం విశాఖలో మూడేళ్ళు కలిసి చదివిన ఎంసీఏకి ఈ మాత్రం పని ఎక్కువే అంటారు భీమరాజు గారు.

ఆరోగ్యం జాగ్రత్త. బెంగళూరులో చలి అట.

హైమ


బెంగళూరు,
23 ఆగస్టు 1998

ఒసేయ్ మరదలా,

నీ ఉత్తరాలు కాన్వెంటు ప్రోగ్రెస్ కార్డుల్లా ఉంటాయే. గుడ్, గుడ్, ఫెయిర్. కాస్త తిట్టరాదూ? ఆ వరండా జవాబు గురించి నువ్వేదో అన్నావు, అన్నావో లేదో కూడా తెలియకుండా అన్నావు. మా అత్తయ్య కడుపున పుట్టి ఇంత గుట్టు ఎలా వచ్చిందే నీకు?

ఇక్కడ చలి నిజమే. హాస్టలు సాంబారు తియ్యగా ఉంటుంది. అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ మీద పక్కగదుల వాళ్ళంతా కన్నేశారు. లాబ్‌లో పదకొండు కంప్యూటర్లు. అగరొత్తులు లేవు. మా సీనియర్ ఒకతను మన వైపువాడే, మణిశంకర్ అని, యానాం. "యానామా?" అనగానే "మందు సీసాలు తేను, అడక్కండి" అన్నాడు. అలవాటైపోయిందట పాపం.

నా పని చెబుతా విను. నీకు సగం తెలుసు. ఒక కంప్యూటరు ఇంకోదానికి సమాచారాన్ని చిన్న చిన్న పొట్లాలు కట్టి పంపుతుంది కదా. అవతలిది అందిందని జవాబిస్తుంది. జవాబు రాలేదనుకో, దారి కిక్కిరిసిపోయిందని ఇవతలిది తన జోరు సగానికి తగ్గించుకుంటుంది. తీగల మీద ఈ పద్ధతి బ్రహ్మాండం. కానీ ఇప్పుడు తీగ లేకుండా రేడియో మీద పంపడం మొదలైంది. గాలిలో పొట్లాలు ఊరికే పోతాయి. దారి ఖాళీగానే ఉంటుంది, పొట్లం పోతుంది. ఇవతలి కంప్యూటరుకి ఆ సంగతి తెలియదు. కిక్కిరిసిందనుకుని సగం, మళ్ళీ సగం తగ్గించుకుంటూ పోయి చివరికి నత్తనడక. పోయింది ఎందుకు పోయిందో ఎలా తెలుసుకోవాలి? ఇదీ విశ్వనాథ్ గారు నా నెత్తిన పెట్టిన ప్రశ్న. నాలుగు వారాలుగా గోడకేసి చూస్తున్నా.

నువ్వుంటే బావుండేది. నిజంగానే.

అత్తయ్యకీ మామయ్యకీ నమస్కారాలు చెప్పు.

నీ వదిన
మధు


నరసాపురం,
8 నవంబరు 1998

వదినా,

జవాబు ఆలస్యమైంది. "నువ్వుంటే బావుండేది" అన్న వాక్యం దగ్గర కొన్నాళ్ళు ఆగిపోయాను. ఉండేదాన్నే.

ముందు ఇంటి కబురు. మా పెదనాన్నగారి సుప్రియక్క పెళ్ళికి మీ నాన్నగారు నిడదవోలు నుంచి కొత్త పళ్ళసెట్టుతో వచ్చారు. అరిసె కొరికేసరికి సెట్టు ఊడి అరిటాకులో పడింది. అత్తయ్య కొబ్బరిముక్క అనుకుని ఆకుతో సహా మడిచేసింది. మామయ్య నోరు మూసుకుని సైగలు చేస్తుంటే, మగపెళ్ళివారు ఆయనకేదో మర్యాద తగ్గిందనుకుని గాభరాపడ్డారు. చివరికి ఎంగిలాకుల గుట్టలో దొరికింది. స్టేషనులో టికెట్లిచ్చే మనిషి కాబట్టి సెట్టు లేకపోతే "భీమవరం" అనడం కష్టమట.

ఇప్పుడు నీ ప్రశ్న. దానికి జవాబు మా రేవులో ఉందనిపిస్తోంది.

మా ఆఫీసుకి రత్తమ్మ అని ఒక ఏజెంటు ఉంది. యాభై ఏళ్ళుంటాయి. వశిష్ఠ గోదావరికి అవతలి ఒడ్డున సఖినేటిపల్లి నుంచి అంతర్వేది దాకా లేసు అల్లే ఆడవాళ్ళందరికీ దారం ఆమే పంపుతుంది. దారం మూట నది దాటించే పంటు మీద వెళ్తుంది. అల్లిన పువ్వులు గురువారానికి పంటు మీదే తిరిగొస్తాయి. పువ్వులు రాకపోతే మిగతా ఏజెంట్లు ఏం చేస్తారంటే, ఆ మనిషికి చేతినిండా పని ఉంది కాబోలు, అల్లలేకపోతోంది అనుకుని తరవాతి వారం దారం సగానికి కోస్తారు. బేబి అనే ఆమె మరీను. రెండు వారాలు రాకపోతే పేరే కొట్టేస్తుంది.

రత్తమ్మ అలా కొయ్యదు. మొన్న నేను ఆమె లెక్క ఎక్కిస్తూ అడిగాను.

"అంతర్వేది నుంచి మూట రాలేదుగా, దారం ఎందుకు తగ్గించలేదండి?"

"రాకపోతే వాళ్ళ తప్పేనా అమ్మాయిగారూ? మధ్యలో గోదారి లేదా?"

"అయితే ఎలా తెలుస్తుంది?"

"రేవులో బుల్లియ్య లేడూ, పంటు టికెట్లు కోసేవాడు. వాణ్ణడుగుతాను. గాలికి పంటు ఆగిందన్నాడా, మూట తడిసి వెనక్కి పంపేశామన్నాడా, ఎప్పటంత దారమే పంపుతాను. పంటు బానే తిరిగింది, మూటే రాలేదన్నాడనుకో, అప్పుడు కోస్తాను సగం. ఊరికే కోస్తే ఆడకూతురు ఉసూరుమంటది. ఇంకో ఏజెంటు దగ్గరికి పోద్ది."

చూశావా? పంపేవాళ్ళకీ పుచ్చుకునేవాళ్ళకీ మధ్య, సరిగ్గా పొట్లాలు పోయే చోట, ఒక మనిషి. అతను మూట మొయ్యడు. మూట ఎందుకు రాలేదో మాత్రం చెబుతాడు. నీ తీగ ఆగిపోయి గాలి మొదలయ్యే చోట ఒక బుల్లియ్యని కూచోబెట్టు.

చెప్పాలనిపించింది, చెప్పాను.

హైమ


బెంగళూరు,
2 డిసెంబరు 1998

హైమా,

పరీక్షల హడావిడి, నాలుగు ముక్కలే రాస్తున్నా. నాన్న పళ్ళసెట్టు కథకి హాస్టలంతా దొర్లింది. నీ రత్తమ్మ సంగతి విశ్వనాథ్ గారికి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వారు.

ఆవకాయ అయిపోయింది. ఎవరైనా వస్తే పంపించమని అత్తయ్యతో చెప్పు.

మధు


నరసాపురం,
10 జనవరి 1999

వదినా,

మీ ప్రొఫెసరు గారిని నవ్వించగలిగినందుకు ధన్యురాలిని. ఇంటర్వ్యూలో కూడా ఆయన నవ్వారు. కాబట్టి నా విషయంలో ఆయనకది అలవాటనుకోవాలి.

ఆవకాయ పంపడానికి ఎవరూ రావడం లేదు.

నేను బావున్నాను. రత్తమ్మ దగ్గర రెండేళ్ళ నోటుపుస్తకాలున్నాయి. ఏ గురువారం ఏ మూట వచ్చింది, రానిది ఎందుకు రాలేదని బుల్లియ్య చెప్పాడు, అంతా ఆమె చేతిరాతలో. తీరిక వేళల్లో కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాను. ఎందుకో ఇంకా తెలియదు. నవ్వులాటకే అనుకో.

హైమ


బెంగళూరు,
15 ఫిబ్రవరి 1999
రిజిస్టర్డ్ పోస్టు, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో

హైమా,

మామూలు పోస్టులో వేస్తే నువ్వు పొయ్యిలో పెట్టినా పెడతావని రిజిస్టరు చేస్తున్నా. ఏడుపుగొట్టు మొహం కాసేపు పక్కన పెట్టి చదువు.

నువ్వు చెప్పిన పద్ధతి మీద రెండు నెలలుగా పనిచేస్తున్నా. తీగకీ గాలికీ మధ్యన కూచునే కంప్యూటరు చేత కారణం చెప్పించడం. పనిచేస్తోందే! డిసెంబరులో మద్రాసులో పెద్ద కాన్ఫరెన్సు ఉంది. పేపరు పంపడానికి గడువు ఏప్రిల్ 30. ఉత్త ఊహ నిలబడదు, నిజంగా జరిగినదాని వివరాలు కావాలి అంటున్నారు విశ్వనాథ్ గారు. నీ దగ్గర రత్తమ్మ నోటుపుస్తకాలున్నాయిగా. అవి ఫ్లాపీలో పెట్టి పంపు.

పేపరు మీద నా పేరు ముందు, నీ పేరు రెండోది, ఆయన పేరు చివర. ఆయనతో మాట్లాడేశాను.

మార్చి పదిహేనులోపు పంపాలి. ఆలస్యం చెయ్యకే తల్లీ.

మధు


నరసాపురం,
20 మార్చి 1999

వదినా,

నీ దగ్గర నుంచి మూడు నెలలుగా ఉత్తరం లేదు. పనుల్లో ఉన్నావనుకుంటున్నాను. ఏదైనా రాసి ఉంటే నాకు అందలేదు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. ఆఫీసులో ఆదివారాలు కూడా పనిచేస్తున్నాను. భీమరాజు గారు తాళంచెవి నా దగ్గరే ఉంచమన్నారు. అమ్మ ఆరోగ్యం ఫరవాలేదు. సిస్టర్ ఒకరు రేవు దగ్గర కనబడి, ఇంకా చదువుకుంటున్నావా అని అడిగారు. చదువుకుంటున్నానన్నాను.

హైమ


బెంగళూరు,
6 ఏప్రిల్ 1999

హైమా,

అలాగా. అందలేదా. పోనీలే.

నీ దగ్గరున్న నోటుపుస్తకాల వివరాలు అడుగుతూ రాశాను, పేపరు కోసం. ఇప్పుడిక వేళ మించిపోయింది. నిజమైన వివరాలు లేకుండానే, కంప్యూటరులో కల్పించిన అంకెలతో లెక్క కట్టి పంపుతున్నాను. వివరాలు ఇవ్వని మనిషి పేరు పెట్టడం కుదరదన్నారు విశ్వనాథ్ గారు. నేనూ గట్టిగా అడగలేదు.

ఎండల్లో తిరక్కు.

మధు


బెంగళూరు,
19 జూలై 1999

హైమా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపాను. నీలా నాలుగు వాక్యాల్లో తిట్టడం నాకు చేతకాదు.

నిన్న మద్రాసు కాన్ఫరెన్సు కమిటీ నుంచి కాగితం వచ్చింది. ఒకే ఆలోచనతో రెండు పేపర్లు వచ్చాయట. రెండింట్లోనూ ఒక నది, ఒక రేవు, రేవులో ఒక మనిషి. నా పేపరులో పేజీ అడుగున రెండు వాక్యాలు. రెండోదాంట్లో మొదటి నుంచి చివరిదాకా అదే. ఒకళ్ళది ఇంకొకళ్ళు ఎత్తుకున్నారు, ఎవరు ఎవరిదో పదిహేను రోజుల్లో రుజువు చూపించండి అని రాశారు. రెండో పేపరు మీద ఒక్కటే పేరు. ఊరు నరసాపురం.

అది తేలేదాకా నన్ను లాబ్‌కి రావద్దన్నారు. ఫెలోషిప్పు ఆపారు. మెస్సులో నేను కూచుంటే పక్కవాళ్ళు పళ్ళెం ఎత్తుకుని వేరే బల్లకి పోతున్నారు. రీసెర్చిలో దొంగ అన్న పేరు పడితే ఇంకెక్కడా అన్నం పుట్టదే.

నువ్వు పంపితే పంపావు. "నేను వేరే పంపుతున్నాను" అని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది? ఉత్తరం అందలేదన్నావు. ఫిబ్రవరి ఇరవై రెండున అందింది. కార్డు నా దగ్గర ఉంది. నీ సంతకం, ఆ గుండ్రటి కాన్వెంటు రాత, కింద తేదీ. నువ్వు అందలేదని రాసిన రోజుకి ఆ కార్డు నా పుస్తకంలోకి వచ్చి మూడు వారాలైంది. అబద్ధం ఆడటం కూడా సరిగ్గా రాదు నీకు.

ఏం చెప్పమంటావు కమిటీకి?

మధులత


నరసాపురం,
25 జూలై 1999

మధులతా,

అందింది. సంతకం నాదే. చదివి మడిచి లేసు దారాల బీరువాలో పెట్టాను. "నా పేరు ముందు, నీ పేరు రెండోది" అన్న వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఆలోచన నాది. నోటుపుస్తకాలు నేను సంపాదించినవి. రేవు మాది. అన్నీ నావైనప్పుడు రెండో పేరు ఎవరిదమ్మా?

ఇలా రాస్తే అమ్మ నన్ను కన్నందుకు ఏడుస్తుంది. రాస్తాను. నీ మీద నాకు అసూయ. ఇవాళ్టిది కాదు. విశాఖలో నువ్వు క్లాసులో చెయ్యెత్తినప్పుడల్లా ఉండేది. ఆ జవాబు సగం రోజులు నా నోటుపుస్తకంలోది. వరండాలో నేను చెప్పిన జవాబుతో నువ్వు సీటు తెచ్చుకున్నావు. పులిహోర గిన్నె మొయ్యడం నా వంతు. నీ పదకొండు కంప్యూటర్ల గురించి చదివి, ఆఫీసుకెళ్ళి ఒక్క కంప్యూటరుకి అగరొత్తి వెలిగించాను. రత్తమ్మ మాట కూడా నీకే ఇచ్చాను. మీ ప్రొఫెసరు గారు నవ్వారు. తరవాత అదే మాట నీ పేరుతో పేపరైంది. ఒకే మనిషికి ఎన్నిసార్లు ఇస్తాను?

అందుకే ఆదివారాలు ఆఫీసు తలుపేసుకుని రాశాను. పన్నెండు పేజీలు. నాలుగు కాపీలు పంపాను. నోరు లేనివాళ్ళు రాయగలరు.

రుజువు కావాలంటే నీ దగ్గరే ఉంది. నవంబరు 8 నాటి నా ఉత్తరం. నా దగ్గర దాని నకలు లేదు. కావాలంటే చించెయ్యి. చించితే నువ్వు గెలుస్తావు. చించవని నేనేమీ అనుకోవడం లేదు.

హైమవతి


బెంగళూరు,
22 ఆగస్టు 1999

హైమా,

చించుదామనే అనుకున్నాను. అది ముందు తెలుసుకో. నీ ఉత్తరాన్ని మూడు రోజులు ట్రంకుపెట్టె అడుగున ఉంచాను. మొదటి రోజు, ఎవరికి తెలుస్తుంది అనుకున్నా. రెండో రోజు, ఎవరికీ తెలియదు అని ధైర్యం చెప్పుకున్నా. మూడో రోజు తీసి విశ్వనాథ్ గారి బల్ల మీద పెట్టాను. మంచితనమేం కాదు. ఆ మూడు రోజులూ అన్నం సయించలేదు.

కమిటీ వాళ్ళకి తెలుగు రాదు. ఉత్తరం మొత్తం ఇంగ్లీషులోకి మార్చాలి, ఒక్క ముక్క వదలకూడదు, నేను మార్చకూడదు అన్నారు. మణిశంకర్ మార్చాడు. కాబట్టి ఈ దేశంలో కంప్యూటర్లు చదివిన పెద్దలు ఐదుగురికి ఇప్పుడు మా నాన్న పళ్ళసెట్టు ఎంగిలాకుల్లో పడిన సంగతి తెలుసు. "అరిసె"కి మణిశంకర్ నాలుగు లైన్ల వివరణ రాశాడు. ఒకాయన రెండో పేజీకి వెళ్ళకుండా, సెట్టు దొరికిందా లేదా అని అడిగారట. నాన్నకి మాత్రం చెప్పకు. స్టేషను మానేస్తారు.

తేల్చేశారు. ఆలోచన నీది. పైగా నీ దగ్గర నిజమైన వివరాలున్నాయి. నీ పేపరు తీసుకున్నారు. నాది నేనే వెనక్కి తీసుకున్నాను. దొంగతనం లేదని రాసిచ్చారు, లాబ్‌కి వెళ్తున్నాను. డిసెంబరులో మద్రాసులో నువ్వు పదిహేను నిమిషాలు మాట్లాడాలి.

ఇంకొకటి. ఇది రాయకుండా ముగిద్దామనుకున్నాను. ఆ రోజు విశ్వనాథ్ గారు నవ్వి ఊరుకోలేదు. నవ్వి, "ఈ అమ్మాయి ఇక్కడ ఎందుకు లేదు?" అని అడిగారు. ఆ ఒక్క వాక్యం నీకు రాయలేకపోయాను. చెయ్యి రాలేదు. అక్కడ నువ్వు ఒక్క కంప్యూటరుతో, ఒక ముసలామె మాట విని, నేను నాలుగు వారాలు గోడకేసి చూసిన దాన్ని ఒక్క పేజీలో తేల్చేశావు. నాకు మాత్రం అసూయ ఉండదా?

నా పేపరు కాపీ విశ్వనాథ్ గారు నీకు పంపుతున్నారు. చదవమన్నారు. నేను పంపద్దన్నాను, ఆయన వినలేదు.

మధు


నరసాపురం,
12 సెప్టెంబరు 1999

వదినా,

నీ ఉత్తరమూ, నీ పేపరూ, కమిటీ వాళ్ళ కాగితమూ ఒకే వారంలో వచ్చాయి. కమిటీ కాగితం నాన్నగారి చేతికిచ్చాను. ఆయన ఒకసారి ఇంగ్లీషులో చదివారు. మళ్ళీ అమ్మకి తెలుగులో చదివారు. మళ్ళీ ఎవరూ అడక్కుండానే చదివారు. అమ్మ పులిహోరకి చింతపండు నానబెట్టింది. ఈసారి గిన్నె మొయ్యడానికి నేను వెళ్ళలేదు. సిగ్గేసింది.

నీ పేపరు మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసులో తెరిచాను. నా పేపరు కంటే ఎక్కడ తక్కువగా ఉందో చూద్దామని తెరిచాను. మొదటి పేజీలో దొరికింది. రెండో పేజీలోనూ దొరికింది. మూడో పేజీ దగ్గర అన్నం చల్లారిపోయింది.

మధ్యలో కూచున్నవాడు అబద్ధం చెబితే ఏమిటి? నీ మూడో పేజీ అంతా ఆ ప్రశ్నే. ఎన్ని మాటలకి ఒక మాట తప్పితే అతన్ని నమ్మడం కంటే అతను లేకపోవడమే నయం అని లెక్క కట్టావు. నాలుగుసార్లు చదివితే గాని ఆ లెక్క నాకు అర్థం కాలేదు. నా పన్నెండు పేజీల్లో ఈ ప్రశ్న ఎక్కడా లేదు. బుల్లియ్య చెప్పిందల్లా నిజమని రాసుకుంటూ పోయాను.

సాయంత్రం రత్తమ్మ ఇంటికెళ్ళాను. అరుగు మీద కూచుని పువ్వులు అతుకుతోంది.

"రత్తమ్మగారూ, బుల్లియ్య ఎప్పుడైనా అబద్ధం చెప్పాడా?" అన్నాను.

"ఎప్పుడైనా ఏంటి అమ్మాయిగారూ? యానాం వెళ్ళొచ్చిన మర్నాడల్లా చెబుతాడు. తాగింది దిగాలి కదా. పంటు పన్నెండుసార్లు తిరిగినా అసలు కదల్లేదంటాడు."

"మరి మీరేం చేస్తారు?"

"వాడి కళ్ళు చూస్తాను. ఎర్రగా ఉన్నాయనుకో, ఆ రోజు వాడు లేడనుకుంటాను."

"ఈ సంగతి నాకు చెప్పలేదేంటండీ?"

"నువ్వడిగితే కదా. మూటలడిగావు, తేదీలడిగావు. మనిషి సంగతి అడిగావా?"

మర్నాడు పొద్దున్నే నోటుపుస్తకాలు మళ్ళీ తీశాను. ఇప్పుడు చెప్పేది ఎవరికీ తెలియదు. రెండేళ్ళ లెక్కలో పందొమ్మిది వరసలు పొందిక కుదరలేదు. బుల్లియ్య పంటు ఆగిందన్నాడు, అదే రోజు అవతలి నుంచి వేరే మూటలు వచ్చాయి. రత్తమ్మ చేతిరాత తప్పనుకుని ఆ పందొమ్మిదీ నేనే తీసేశాను. తీసేస్తే లెక్క అద్దంలా శుభ్రంగా వచ్చింది. కమిటీ వాళ్ళు మెచ్చుకున్నది ఆ శుభ్రాన్నే.

ఆ పందొమ్మిదీ వెనక్కి పెట్టి చూశాను. నా పేపరు నిలబడలేదు. నీ మూడో పేజీ కలిపితే నిలబడింది. బుల్లియ్య మాట తప్పిన లెక్క నువ్వు గీసిన గీతకి ఇవతలే ఉంది, కొంచెం లోపలగా. బుల్లియ్యని ఉద్యోగంలో ఉంచవచ్చు.

వదినా, రోజూ ఆ రేవు చూసేది నేను. బుల్లియ్య ఎర్రకళ్ళు నేను చూశాను, టికెట్టు కొనుక్కుంటూ చాలాసార్లు చూశాను. నాకు తట్టలేదు. అతని మొహం ఎలా ఉంటుందో తెలియని నీకు కాగితం మీద తట్టింది. ఇన్నాళ్ళూ నీ సీటు చూసి, నీ లాబ్ చూసి ఏడ్చాను. అసూయ అనుకున్నాను. అది ఉత్త ఉక్రోషం. అసూయ అంటే ఏమిటో నీ మూడో పేజీ దగ్గర తెలిసింది. ఆ పేజీ నేను రాసి ఉంటే బావుండేదని ఈ వారం రోజులుగా అనుకోని గంట లేదు. అది నా వల్ల కాదని కూడా తెలుసు.

ముగ్గురికి చెప్పకుండా ఊరుకోవచ్చు, నీకూ, విశ్వనాథ్ గారికీ, కమిటీకీ. నీలాగే నేనూ కొన్ని రోజులు ఊరుకుని చూశాను. నాకు అన్నం బానే సయించింది. కానీ ఆ శుభ్రమైన లెక్కని చూసినప్పుడల్లా మద్రాసులో ఎవరో ఒకరు లేచి, "ఆ రేవు మనిషి అబద్ధం చెబితే?" అని అడుగుతున్నట్టు వినిపించింది. ఈసారి జవాబు తెలిసి నోరు పెగలకపోవడం కాదు. ఆ జవాబు నాది కాదు.

అందుకని పేపరు మళ్ళీ రాశాను. పందొమ్మిది వరసలూ పెట్టాను. ఎందుకు తీసేశానో కూడా ఒక వాక్యం రాశాను. నీ మూడో పేజీ ఉన్నదున్నట్టు పెట్టాను, ఒక్క కామా మార్చలేదు. నా పేరు ముందు, నీ పేరు రెండోది. ముందుకు జరపమని అడక్కు, జరపను. రెండో పేరు ఎలా ఉంటుందో నువ్వూ కొన్నాళ్ళు చూడు.

చివర రత్తమ్మకి కృతజ్ఞతలు రాద్దామని అడిగాను. "బేబి చదువుద్దా?" అంది. ఇంగ్లీషులో ఉంటుంది, చదవలేదన్నాను. "దాని అల్లుడు ఇంగ్లీషు మాస్టారు. నా పేరూ వద్దు, మన రేవు పేరూ వద్దు" అంది. గోదావరి డెల్టాలో ఒక రేవు అని మాత్రం రాశాను. అది కూడా ఎక్కువేనని ఆమె అనుమానం.

మద్రాసులో మొదటి పది నిమిషాలు నేను మాట్లాడతాను. రోజూ గది తలుపేసుకుని గోడకి చెబుతున్నాను. ఏడో నిమిషం దాకా వస్తోంది. ఆ తరవాత మూడో పేజీ. అది నువ్వే లేచి చెప్పాలి. నేను చెబితే, నేను కనిపెట్టానని ఎవరైనా అనుకుంటారు. కాదనడానికి ఆ క్షణంలో నాకు మనసు రాకపోవచ్చు.

నీ ఒప్పుకోలు కోసం ఆగడం లేదు. కాగితాలు ఈ పూటే పోస్టులో వేస్తున్నాను. ఆగితే నీ పేరు కొట్టేస్తానేమోనని భయంగా ఉంది.

నీ మరదలు
హైమ